శబ్దం తీసేసిన ఆట

నాకు భయం ఎక్కువ. ఇది ముందే చెప్పేస్తే మంచిది. ఫోన్ ఆగకుండా మోగినా, ఇంటికి రావలసిన మనిషి కాస్త ఆలస్యమైనా గుండె జారిపోతుంది. వచ్చినవాళ్ల మీద అరుస్తాను, ఎందుకంటే అప్పటిదాకా నేను వాళ్లను మనసులో ఆసుపత్రి దాకా మోసుకెళ్లి ఉంటాను. మా అమ్మ నన్ను "పిరికి గొడ్డు" అంటుంది. అనడమే కాదు, బంధువులకు అలాగే పరిచయం చేస్తుంది. కాబట్టి నిరుడు నేను భయపడ్డానంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోవడంలో వింతేమీ లేదు.

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన, ఒక టైర్ల షాపు మీది అంతస్తులో మా ఆఫీసు. ఫోన్లో ఆడుకునే ఆటలు తయారు చేస్తాం. చేస్తాం అంటున్నాను గానీ చేసేది మా ప్రోగ్రామర్. నా పని ఆడినవాళ్ల తిట్లు చదవడం. దానికి ఫీడ్‌బ్యాక్ అని గౌరవమైన పేరు పెట్టారు. పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని, ఎవరెవరు ఏమేం తిట్టారో చదివి, అందులో పనికొచ్చే మాట ఏరి, ప్రోగ్రామర్‌కు చెప్పాలి. ఆయన "మన ఆటలో తప్పేం లేదు" అంటాడు. నేను ఉందంటాను. మధ్యాహ్నం దాకా ఇదే.

అప్పుడు మేం చేస్తున్నది కోలాటం ఆట. తెర మధ్యలో రెండు గుండ్రాలు ఉంటాయి. తెరకు ఈ అంచు నుంచీ ఆ అంచు నుంచీ వెలుగు కోలలు జరుగుతూ వస్తాయి. కోల సరిగ్గా గుండ్రంలోకి వచ్చిన క్షణాన వేలితో కొట్టాలి. అదే క్షణాన చెవిలో కోలల చప్పుడు పడుతుంది. సరిగ్గా కొడితే ఆకుపచ్చ, ముందు కొడితే "తొందర", వెనక కొడితే ఎర్రటి అక్షరాల్లో "ఆలస్యం". ఇంతే ఆట. చెప్పుకుంటే సులువుగానే ఉంటుంది. కానీ చప్పుడూ వెలుగూ కలిసి రావడమనేది ఎంత కష్టమో ఆ ఏడాదే నాకు తెలిసింది. కొందరి ఫోన్లలో శబ్దం వెనకబడుతుంది. వైర్ లేని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లకు మరీ వెనకబడుతుంది. ఒకాయన రాశాడు: "శబ్దానికి కొడితే ఆలస్యం అంటారు, వెలుగుకు కొడితే తొందర అంటారు, నన్నేం చెయ్యమంటారు, చావమంటారా?" ఇంకొకామె, "నేను సరిగ్గానే కొట్టాను, మీ ఆటే తూలుతోంది" అని రాసింది. మనిషికి తన చెయ్యి తప్పిందని ఒప్పుకోవడం ఎంత కష్టమో ఈ ఉద్యోగంలో చూడాలి.

ఆ ఆటకు కోలలు కొట్టి చప్పుళ్లు ఇచ్చింది మా నాయన. వృత్తికి ఆయన డ్రైవరు. యాత్రికులను కొండకూ కాణిపాకానికీ కాళహస్తికీ తిప్పే టెంపో ట్రావెలర్ నడుపుతాడు. బండి ఆయనది కాదు, ఓనరు వేరే. ప్రాణానికి మాత్రం ఆయన కోలాటం గురువు. చంద్రగిరి పక్కన మా పల్లెలో నేర్చుకున్న కోపులన్నీ తిరుపతిలో మా వీధి ఆడవాళ్లకు నేర్పుతాడు. కోపు అంటే కోలాటంలో ఒక వరస అడుగులు, ఒక వరస దెబ్బలు. సాయంత్రం డ్యూటీ లేకపోతే మా మిద్దె మీద ఇరవై మంది దాకా ఆడవాళ్లు చేరతారు. కింద ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఊగుతుంది. ఎవరైనా పక్కవాళ్ల కోల కోసం ఎదురుచూసి దెబ్బ తప్పితే నాయన కసురుతాడు.

"కోలను సూడబాక మా. సూస్తే లేటే. సెవితో ఇను, సెయ్యి దానంతట అదే పోతాది."

ఇరవై మందిలో ఎవరు తప్పారో ఆయన కళ్లు మూసుకుని చెప్పేవాడు. మేం చాలా గొప్పగా చెప్పుకునేవాళ్లం.

మా ఆటలో ఆయన్ను ఓడించినవాళ్లు లేరు. ఆఫీసు ట్యాబ్ ఇంటికి తెచ్చి ఇస్తే, కళ్లజోడు నుదుటి మీదకు నెట్టి, చూపుడు వేళ్లు రెండూ పెట్టి, వరసగా ఆకుపచ్చ వెలిగించేవాడు. పక్కనే కూర్చున్న అమ్మ "ఈ వయసులో ఫోనాటలేంది, సిగ్గు లేకపోతే సరి" అనేది. అంటూనే ఎంత వచ్చిందో వంగి చూసేది.

ఇంతలో కొత్త రకం ఫిర్యాదులు మొదలయ్యాయి. బస్సుల్లో, ఆఫీసుల్లో, పిల్లలు నిద్రపోతున్న ఇళ్లలో జనం శబ్దం తీసేసి ఆడుతున్నారు. వాళ్లకు వెలుగు ఒక్కటే దిక్కు, అది చాలడం లేదంటున్నారు. అందుకని ప్రోగ్రామర్ శబ్దం లేని ఆట ఒకటి విడిగా చేశాడు. కోలలు కాస్త లావు చేశాడు, అంచు దగ్గరే మిలమిలలాడేట్టు పెట్టాడు. అంచులో కనబడ్డప్పుడే చెయ్యి సిద్ధమవుతుందని ఆయన లెక్క. నేను ఆడి చూశాను, బాగుంది. టైర్ల షాపు అబ్బాయి చేత ఆడించాను, బాగుందన్నాడు. ఆదివారం నాడు నాయనకు ఇచ్చాను.

మొదటి కోలకే "ఆలస్యం". రెండోదానికీ, మూడోదానికీ అదే. ట్యాబ్ నిండా ఎర్ర అక్షరాలు. నేను నవ్వాను. నిజంగా సంతోషించాను కూడా, ఇన్నాళ్లకు ఈయన ఓడాడు కదా అని. నాయన ట్యాబ్‌ను వెనక్కి పెట్టి, ముందుకు పెట్టి, కళ్లజోడు తుడిచి, మళ్లీ ఆడాడు. మళ్లీ అన్నీ ఆలస్యమే.

"ఇది సరిగా సెయ్యలా పాపా మీవోడు," అన్నాడు. "కోల పక్కనుంచి రావాల కదా. రాలా. నడీమద్దెలో దిగ్గున పుడతా ఉండాది. పుట్టినాక కొట్టాలంటే ఎవురి తరమైతాది?"

"అంచు నుంచే వస్తుంది నాయనా. మెల్లగా జరుగుతా వస్తుంది. చూడు."

"యాడ? నాకు అగపడలా."

నేను ఆ మాటను ఆడినవాళ్ల మాటల్లో ఒకటిగా రాసుకుని సోమవారం ప్రోగ్రామర్‌కు చెప్పాను: ఒక పెద్దాయనకు కోల అంచు నుంచి రావడం తెలియడం లేదట, మధ్యలో ఉన్నట్టుండి పుడుతోందట. ఆయన ట్యాబ్‌ను పరీక్షించాడు. ఫోన్లు మార్చి చూశాడు. చివరికి "మన ఆటలో తప్పేం లేదు" అన్నాడు. నా అలవాటు ప్రకారం నేను ఉందన్నాను. కోలను ఇంకొంచెం కాంతిగా చేసి జనంలోకి వదిలాం.

కొన్నాళ్లకు వచ్చిన అభిప్రాయాల్లో ఒకటి చదువుతూ ఆగిపోయాను. ఎవరో తెలియదు, ఏ ఊరో తెలియదు. "శబ్దం లేని ఆటలో కోలలు పక్క నుంచి రావడం లేదు, మధ్యలో హఠాత్తుగా ప్రత్యక్షమవుతున్నాయి" అని రాశాడు. అచ్చం నాయన మాటే. ఎగిరి గంతేశాను. చూశారా, నేను చెప్పలేదా అని ప్రోగ్రామర్ బల్ల మీద ఫోన్ పెట్టాను. మీరు ఏ ఫోన్‌లో ఆడుతున్నారని ఆయనకు జవాబు రాశాం. మారు జవాబు చాలా రోజులకు వచ్చింది. అది వచ్చిన రోజు పొద్దున ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఫోన్ సంగతి ఆయన రాయలేదు. మీ ఆటను మార్చకండి, తప్పు మీ ఆటది కాదు, నా కంటిది, అని రాశాడు. ఇంట్లో అందరికీ కనబడే కోలలు తనకొక్కడికే కనబడటం లేదని తెలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాడట. పక్కచూపు చాలావరకు పోయిందన్నారట. నొప్పి లేదు, మసక లేదు, నడిమి చూపు బాగుంది, అందుకే ఇన్నేళ్లూ తెలియలేదు అని రాసి, చివర్లో కృతజ్ఞతలు చెప్పాడు.

దాన్ని ఇంకోసారి మొదటి నుంచి చదివాను. ఆ రోజు పొద్దున్నే నాయన వేలూరు నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని కొండకు పోయాడు.

కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉన్నాను గానీ, ఆ ఏడాది సంగతులు ఒక్కొక్కటీ వచ్చి ముందు నిలబడ్డాయి. అన్నం తినేటప్పుడు ఎడమచేతి పక్కన పెట్టిన నీళ్ల చెంబును నాయన తట్టి పడేయడం, అమ్మ తిట్టడం. బండి ఎడమ అద్దం విరిగి రావడం, ఎవడో ఆటోవాడు గీసేశాడని ఆయన చెప్పడం, మేమందరం ఆ కనబడని ఆటోవాణ్ణి నోరారా తిట్టడం. పెళ్లిలో పక్కనే నిలబడి పలకరించిన సొంత తమ్ముణ్ణి చూడకుండా వెళ్లిపోవడం, దానికి మా బాబాయి అలిగి ఇంటికి రావడం మానేయడం. ఒక్కోదానికీ మా దగ్గర ఒక్కో సమాధానం ఉంది. అన్నిటికీ కలిపి ఒకే సమాధానం ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఎత్తడు, అది ఆయన నియమం. ఎన్నాళ్లుగానో నేనే మెచ్చుకున్న నియమం. మళ్లీ చేశాను. నా కళ్ల ముందు కొండదారి మలుపులు తిరుగుతున్నాయి. ఆఫీసుకు తాళం వేసి, ప్రోగ్రామర్‌కు ఒక మెసేజ్ పెట్టి, ఆటోలో అలిపిరి వచ్చి కొండబస్సెక్కాను. కొండబస్సు ఎక్కితే ఎవరైనా గోవిందా అంటారు. నేను కిటికీ లోంచి దిగే దారిలో ఏమైనా గుంపు కనబడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు అని పుట్టినప్పటి నుంచీ తెలుసు, అయినా చూశాను.

పైన పార్కింగ్‌లో బండి ఉంది. నాయన దాని నీడలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. ఆయన్ను ప్రాణాలతో చూసిన సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. ఇంకా దిగాలి కదా.

"ఏం మా, నువ్వేందీ ఈడ? అమ్మకు బాగుండాది కదా?"

"బాగుంది. నాయనా, ఇప్పుడు బండి నువ్వు తీయొద్దు. ఇంకో డ్రైవర్ని పిలిపిద్దాం."

"యానికి?"

చెప్పాను. ఆటలో కోల కథ, ఆ ఎవరో రాసిన జవాబు, చెంబు, అద్దం. ఒకదాని మీద ఒకటి పడేట్టు చెప్పానేమో. నాయన మొదట నవ్వాడు, తర్వాత ముఖం ముడుచుకున్నాడు. దూరంగా ఉన్న సత్రం బోర్డు చూపించి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదివి వినిపించాడు. నాకు ఆ చిన్న అక్షరాలు కనబడనే లేదు.

"సూసినావా? ఎవురికి కండ్లు లేవు? యాడో ఎవుడో రాసినాడంట, ఈయమ్మ కొండెక్కి వచ్చిందంట. ఈ మలుపులు నేను కండ్లు మూసుకోని దిగతా పాపా."

నా భయం ఆ మాటతోనే రెట్టింపయింది. ఇంతలో వేలూరువాళ్లు దర్శనం చేసుకుని వచ్చేశారు. ముసలివాళ్లు, గుండ్లు కొట్టించుకున్న పిల్లలు, లడ్డూ సంచులు, తడి బట్టలు. వాళ్ల పెద్దాయన "డ్రైవర్ అన్నా, పోదామా" అన్నాడు. అంతమంది ఎదుట మా నాయనకు కళ్లు లేవని ఎలా అనను? అనాల్సింది. నోరు రాలేదు. ముందు సీట్లో, ఆయనకు ఎడమపక్కన, ఎక్కి కూర్చున్నాను. కనీసం అటువైపు నేను చూస్తాను అనుకున్నాను.

బండి కదిలాక నాకు అర్థమైన మొదటి సంగతి, పాటలు లేవు. నాయన పాట లేకుండా బండి నడపడమనేది నేనెరుగను. స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ నడిపే మనిషి. వెనక పిల్లలు పాట పెట్టమని అడిగితే "ఘాటు రోడ్డులో వొద్దు నాయనా, దిగినాక పెడతా" అన్నాడు. ఏసీ ఉన్నా తన పక్క అద్దం దించాడు. నా పక్కది కూడా దించమన్నాడు. మలుపు వచ్చే ముందు తల కొంచెం వంచి, ఊపిరి బిగబట్టినట్టుగా ఉండి, అప్పుడు స్టీరింగ్ తిప్పుతున్నాడు. వింటున్నాడు. వెనక బండి ఎంత దూరంలో ఉంది, పక్కన ఎవడైనా దూరుతున్నాడా, అంతా చెవితో తెలుసుకుని నడుపుతున్నాడు. తనకు తెలిసే చేస్తున్నాడా, తెలియకుండా చెయ్యి దానంతట అది నేర్చుకుందా, నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. కనబడనిది కనబడటం లేదని మనిషికి ఎలా తెలుస్తుంది? అక్కడ నల్లగా ఏమీ ఉండదట. అక్కడ ఏమీ లేనట్టే ఉంటుందట.

మలుపులన్నిటా నా అరికాళ్లు లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాయి. పక్కన అడవి, గోడ మీద కోతులు, కింద ఎక్కడో తిరుపతి మేడలు. ఎన్నోసార్లు చూసి మురిసిన చోటు. ఆ రోజు అది ఎంత లోతో మాత్రమే కనబడింది. ఒక వంపు దగ్గర నాయన ఎడమకు తిప్పబోతుండగా, నా కిటికీ పక్కనే ఒక స్కూటీ. ఇంజిన్ ఆపేసి వాలులో జారుతూ వస్తున్నారు, చప్పుడే లేదు. నడిపేది ఒక కుర్రాడు, వెనక ఒడిలో బిడ్డతో ఒక ఆడమనిషి. గోడకూ మా బండికీ మధ్యలో ఉన్నారు. ఆ బిడ్డ నన్ను చూసింది.

"నాయనా, ఎడమ!"

అరిచాననుకుంటాను. బండి కుడికి కోసుకుపోయి, వెనక అందరూ ముందుకు పడి, లడ్డూ సంచి ఒకటి నా కాళ్ల దగ్గర పడింది. స్కూటీ కుర్రాడు మమ్మల్ని ఏదో తిట్టి దిగిపోయాడు. అంతే, ఏమీ జరగలేదు. వెనక పెద్దావిడ గోవిందా గోవిందా అంటోంది. నాయన ఎర్రబడ్డ ముఖంతో నా వైపు తిరిగాడు.

"యా పక్కనుంచి వచ్చినాడు వాడు?"

"పక్కనే ఉన్నాడు నాయనా. చాలాసేపటి నుంచి పక్కనే ఉన్నాడు."

ఆయన మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. కాసేపటికి, గొంతు తగ్గించి, "అరవబాక. మెల్లిగా సెప్తా ఉండు," అన్నాడు. మిగిలిన ఘాటంతా నేను చెబుతూ వచ్చాను. ఎడమ బైకు, ఎడమ ఖాళీ, వెనక కారు, ఎడమ గోడ. ఆయన మారుమాట లేకుండా నా గొంతుకు స్టీరింగ్ తిప్పాడు. వెనకవాళ్లు ఈ పిల్ల క్లీనరేమో అనుకుని ఉంటారు. నోరు ఎండిపోయింది, నీళ్లు తాగడానికి కూడా చూపు తిప్పలేదు. నా జీవితంలో అంత భయం అంతకుముందు లేదు. అలిపిరి దాటి చదును రోడ్డు మీదకు వచ్చాక ఏడుపొచ్చింది. ముఖం కిటికీ వైపు పెట్టుకుని ఏడ్చాను.

దిగాక నాయన మళ్లీ మామూలు మనిషయ్యాడు. అది మరీ కష్టం. "వాడు ఇంజిన్ ఆపుకోని వచ్చినాడు, ఎవురికైనా అగపడడు," అని అమ్మకు చెప్పాడు. అమ్మ "దీని మాట ఇని బండి ఆపుకుంటే ఇల్లు గడిసినట్టే" అంది. రెండురోజుల తర్వాత ఇంకో బుకింగ్ ఉంది, మధ్యాహ్నం ట్రిప్పు, మళ్లీ కొండకే. నేను అన్నం మానేశాను. అది బెదిరింపు కాదు, నిజంగానే దిగలేదు. చివరికి ఆ ట్రిప్పు రోజు పొద్దున, నా నోరు మూయించడానికి, కంటి ఆసుపత్రికి వచ్చాడు.

అక్కడ గోడ మీద అక్షరాలు చివరి వరస దాకా గడగడా చదివేసి నా వైపు గర్వంగా చూశాడు. డాక్టరు మాత్రం కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసి, నీటికాసులు, అంటే గ్లకోమా, అనుకుంటున్నాను, పక్కచూపు పరీక్ష చేయించండి అన్నాడు. ఆ పరీక్ష చీకటి గదిలో. తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టాలి, గడ్డం ఒక పట్టీ మీద ఆనించాలి. ఒక కన్ను మూసేస్తారు. రెండో కంటితో ఎదురుగా నడిమి చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మెరుస్తుంది. మెరిసినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి ఇదంతా చెబుతుంటే నేను ఆ బటన్‌నే చూస్తున్నాను. ఇది మా ఆటే.

నాయన మొదలుపెట్టాడు. యంత్రం మెల్లగా చిన్న చప్పుడు చేస్తోంది, ఆయన బటన్ నొక్కుతున్నాడు. చప్పుడు, నొక్కు. చప్పుడు, నొక్కు. ఒక్కటీ తప్పడం లేదు. నేను తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఆ నొక్కులన్నీ విన్నాను. ప్రతి నొక్కుకూ నా గుండెల మీద బరువు కొంచెం దిగింది. కనబడుతున్నాయి, అన్నీ కనబడుతున్నాయి! మా అమ్మ మాటే నిజం, నేను పిరికి గొడ్డునే. దారిలో అమ్మకు మైసూర్‌పాక్ కొనుక్కుపోదాం అని కూడా అనుకున్నాను.

పరీక్ష చేసే అమ్మాయి మధ్యలోనే ఆపింది.

"పెదనాయనా, ఎలుగు అగపడితేనే నొక్కాల."

"అగపడినప్పుడే నొక్కినా మా. ఒగటి కూడా ఇడిసిపెట్టలా."

"ఎలుగు లేనప్పుడు కూడా నొక్కినావు. నడమ నడమ ఎలుగు ఎయ్యకుండా ఈ మిషను ఊరికే సప్పుడు సేసి సూస్తాది. వాటికీ నొక్కినావు."

నాయన తల బయటికి తీసి ఆమెను చూశాడు. దబాయించే ముఖం కాదు. నిజంగా ఆశ్చర్యపోయిన ముఖం. "సప్పుడు వచ్చింది కదా మా," అన్నాడు. "తాళం సరిగ్గా పడతా ఉంటే సెయ్యి ఎట్ట ఆగతాది?"

ఆమె దూది ఉండలు తెచ్చి ఆయన చెవుల్లో పెట్టింది. పైన పెద్ద హెడ్‌ఫోన్ లాంటిది బిగించింది. నా మాట వినబడాలంటే గట్టిగా చెప్పాలి, అంది. ఎడమకన్నుతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

యంత్రం చప్పుడు చేసింది. నొక్కు లేదు. మళ్లీ చప్పుడు. నాయన బొటనవేలు బటన్ మీద సిద్ధంగా ఉంది, కొంచెం వంగి ఉంది, కదలలేదు. గిన్నెలో ఎక్కడెక్కడ వెలుగు మెరుస్తోందో నాకు కనబడదు. చప్పుడు మాత్రం వినబడుతోంది. ప్రతి చప్పుడుకూ ఆ వేలిని చూశాను. నొక్కు నాయనా, నొక్కు, అబద్ధమైనా నొక్కు అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఎప్పుడో ఒకసారి, నడిమిలో పడిందేమో, నొక్కాడు. ఆ తర్వాత మళ్లీ ఏమీ లేదు. ఆ అమ్మాయి తెరను చూడటం మానేసి నన్ను చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేక నేలను చూశాను.

చాలాసేపయ్యాక, గిన్నెలోంచి తల తీయకుండానే, నాయన విసుగ్గా అడిగాడు. చెవుల్లో దూది ఉంది కాబట్టి గట్టిగానే అడిగాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా మా?"

నేనే లేచి, ఒక చెవి దగ్గర హెడ్‌ఫోన్ పక్కకు జరిపి, దూది తీసి చెప్పాను.

"అయిపోవస్తుంది నాయనా."

ఆయన బటన్ పట్టుకున్న చెయ్యి ఒళ్లోకి దించాడు. గడ్డం మాత్రం ఆ పట్టీ మీద అలాగే ఉంది, ఎదుటి చుక్కనే చూస్తున్నాడు. ఇప్పుడు యంత్రం చప్పుడు ఆయనకూ వినబడుతోంది. కొన్ని చప్పుళ్లు అలా విన్నాడు.

"అయితే మొన్న ఘాటులో కూడా ఇట్టనే వస్తా పోతా ఉండినారేమో మా, జనం," అన్నాడు. "ఓనరుకు ఫోన్ కొట్టు. మద్దేనం బండికి ఇంకో మనిసిని సూసుకోమను."